దాచేది కంప్యూటరు.. వెతికేది మనం!

'సేవ్ చేశానండీ.. ఇప్పుడే చేశాను. ఎటు పోయిందో ఏమో!'

ఇంటర్నెట్ సెంటర్లలో, డీటీపీ షాపుల్లో, పిల్లలు ప్రాజెక్టు రిపోర్టులు తయారుచేసుకునే ఇళ్లలో తరచూ వినిపించే మాట ఇది. చంకలో పిల్లాణ్ని పెట్టుకుని ఊరంతా వెతికినట్టు, ఆ ఫైలు అందులోనే ఉంటుంది. కంప్యూటర్ దాన్ని భద్రంగానే దాస్తుంది. కాకపోతే ఎక్కడ దాచాలో మనల్ని గట్టిగా అడగదు. తనకు తోచిన చోట పెట్టేస్తుంది. ఆ 'తోచిన చోటు' పేరే డీఫాల్ట్ ఫోల్డర్.

సొంత కంప్యూటర్ ఉన్నవాళ్లకు ఇదో చిన్న చిరాకు. పది నిమిషాలు వెతుక్కుంటే తీరిపోతుంది. అదే భద్రాచలంలో అయితే? చర్ల, దుమ్ముగూడెం మండలాల్లోని అడవి అంచు పల్లెల నుంచి ఓ కాగితం పని మీద వచ్చినవాళ్లకు 'ఫైలు కనిపించట్లేదు, రేపు రండి' అంటే ఒక రోజు కూలీ, రానూపోనూ బస్సు ఛార్జీలూ పోయినట్టే.

పైగా అవి మామూలు కాగితాలు కావు. అటవీ హక్కుల చట్టం 2006లో వచ్చింది. పోడు భూమికి హక్కు పత్రం కావాలంటే 2005 డిసెంబరు 13కి ముందు నుంచే ఆ భూమి తమ చేతిలో ఉందని చూపించాలి. ఊరి పెద్దల వాంగ్మూలాన్నీ చట్టం ఆధారంగా ఒప్పుకుంటుంది. అయినా చేతిలో పాత కాగితం ఉంటే ఆ ధీమాయే వేరు. దాన్ని చెదలు పట్టకముందే స్కాన్ చేయించి పెట్టుకోవడం తెలివైన పని. కానీ ఆ స్కాన్ ఏ ఫోల్డర్లో పడిందో తెలియకపోతే చేయించిన ఫలితం ఏముంది?

ఒక్కో ప్రోగ్రాముది ఒక్కో దారి

సేవ్ నొక్కగానే తెరుచుకునే చిన్న కిటికీని ఫైల్ డైలాగ్ అంటారు. 1992లో వచ్చిన విండోస్ 3.1తో అన్ని ప్రోగ్రాములూ వాడుకునేలా ఒకే తరహా కిటికీని మైక్రోసాఫ్ట్ అందించింది. తర్వాత 'మై డాక్యుమెంట్స్' వచ్చింది. 2007లో జనం చేతికొచ్చిన విస్టాలో 'మై' పోయి ఉత్త 'డాక్యుమెంట్స్' మిగిలింది. 'డౌన్‌లోడ్స్' అని మరో ఫోల్డరూ తోడైంది.

కిటికీ ఒకేలా కనిపించినా అది తెరుచుకునే చోటు మాత్రం ఒకటి కాదు. వర్డ్‌లో టైప్ చేసిన ఉత్తరం డాక్యుమెంట్స్‌లోకి పోతుంది. క్రోమ్‌లో దింపుకున్న ధ్రువపత్రం మనల్ని అడగకుండానే డౌన్‌లోడ్స్‌లో పడుతుంది. స్కానర్‌ది ఇంకో చోటు. చాలా ప్రోగ్రాములు కిందటిసారి ఏ ఫోల్డర్ వాడితే దాన్నే గుర్తుపెట్టుకుని మళ్లీ తెరుస్తాయి. ఒకరే వాడే కంప్యూటర్‌కు ఇది సౌకర్యం. రోజుకు నలభైమంది వచ్చిపోయే షాపులో ఇదే చిక్కు. ఆ 'కిందటిసారి' మీది కాదు, మీకన్నా ముందు వచ్చి వెళ్లిన మనిషిది!

కొత్త కంప్యూటర్లలో వన్‌డ్రైవ్ అనే మరో మెలిక ఉంది. దాని బ్యాకప్ ఆన్‌లో ఉంటే డెస్క్‌టాప్, డాక్యుమెంట్స్ రెండూ వన్‌డ్రైవ్ ఫోల్డర్లోకి మారతాయి. డాక్యుమెంట్స్ పేరుతో రెండు చోట్లు కనిపించి ఏది అసలుదో అర్థం కాదు. ఫైలు పక్కన మబ్బు బొమ్మ ఉందంటే అది నెట్‌లోనే ఉందని అర్థం. సిగ్నల్ వస్తూ పోతూ ఉండే అడవి ఊళ్లలో అది సమయానికి తెరుచుకోదు.

ఈ అవస్థ మనకొక్కరికే కాదు. ఈ కిటికీల బాధ తీర్చడానికే మాక్ కంప్యూటర్లకు 'డీఫాల్ట్ ఫోల్డర్ ఎక్స్' అని ప్రత్యేకంగా ఓ ప్రోగ్రామ్ అమ్ముతున్నారు. జనం డబ్బు పెట్టి కొంటున్నారు!

తెలుగు ఫైలు ఇంకా కష్టం

పేరు మరిచిపోతే లోపలి మాటలతో వెతకొచ్చు కదా అంటారా? పేజ్‌మేకర్‌లో అను ఫాంట్లతో చేసిన పెళ్లి పత్రికలు, అర్జీలు అలా దొరకవు. ఆ ఫాంట్లలో తెరమీద కనిపించేది తెలుగే అయినా కంప్యూటర్ లోపల రాసుకునేది ఇంగ్లిషు అక్షరాల, గుర్తుల సంకేతాలు. 'రామయ్య' అని యూనికోడ్ తెలుగులో వెతికితే అలాంటి ఫైలు పలకదు. అను కీబోర్డు ఆన్‌లో ఉండగా ఫైలు పేరు టైప్ చేస్తే కిటికీలో పిచ్చి గీతల్లాంటివి పడతాయి. అలాంటి పేరును రేపు ఎవరు గుర్తుపడతారు?

భద్రాచలానికి మరో ప్రత్యేకత ఉంది. 2014లో ఖమ్మం జిల్లా నుంచి ఏడు మండలాల ఊళ్లు ఆంధ్రప్రదేశ్‌లో కలిశాయి. పట్టణం తెలంగాణలో ఉండిపోయింది. పక్కనున్న ఎటపాక ఆంధ్రాలోకి వెళ్లింది. హద్దు దాటితే ప్రభుత్వం మారుతుంది, వెబ్‌సైటు మారుతుంది. ఫైలు పేరు మాత్రం ఇద్దరికీ 'ఇన్‌కమ్'. అదే పేరుతో మరొకటి దింపుకుంటే క్రోమ్ చివర 1, ఆపైన 2 అని అంకెలు చేరుస్తుంది. అప్‌లోడ్ చేసేటప్పుడు తొందరలో ఒకటి బదులు రెండు నొక్కితే ఒకరి దరఖాస్తుకు మరొకరి ఆదాయ పత్రం జతవుతుంది.

ఇలా చేసి చూడండి

సేవ్ నొక్కేముందు రెండు చోట్ల చూపు నిలపండి. కిటికీ పైన ఫోల్డర్ పేరు, కింద ఫైలు పేరు. ఈ రెండూ చదివాకే ఎంటర్ కొట్టండి. సగం వెతుకులాట అక్కడే తప్పుతుంది.

క్రోమ్ సెట్టింగ్స్‌లో డౌన్‌లోడ్స్ విభాగానికి వెళ్లి, ప్రతి ఫైలుకూ ఎక్కడ దాచాలో అడగమనే మీట ఆన్ చేయండి. వర్డ్‌లో అయితే ఫైల్, ఆప్షన్స్, సేవ్‌లోకి వెళ్లి డీఫాల్ట్ ఫోల్డర్‌ను మీకు నచ్చిన చోటికి మార్చుకోవచ్చు. ఎఫ్12 నొక్కితే పాత పద్ధతి కిటికీ నేరుగా వస్తుంది.

ఎక్కువగా వాడే ఫోల్డర్‌ను క్విక్ యాక్సెస్‌కు పిన్ చేసుకుంటే చాలా ప్రోగ్రాముల కిటికీల్లో ఎడమవైపు కనిపిస్తుంది. షాపువాళ్లు తెలంగాణకొకటి, ఆంధ్రాకొకటి ఫోల్డర్లు పెట్టుకుని, లోపల మనిషి పేరు, ఊరు, తేదీతో ఫైలు దాస్తే మరుసటి నెల వచ్చినా నిమిషంలో తీసివ్వొచ్చు.

అప్పుడే దింపుకున్నది కనిపించకపోతే క్రోమ్‌లో కంట్రోల్, జె కలిపి నొక్కండి. దింపుకున్నవన్నీ వరుసగా వస్తాయి. ఫోల్డర్లో తేదీ ప్రకారం అమర్చుకున్నా కొత్తది పైకి తెచ్చుకోవచ్చు.

కంప్యూటర్ మొరాయించి, బాగుచేసే కుర్రాడు 'సీ డ్రైవ్ ఫార్మాట్ కొడతా' అన్నాడా? ఆగండి. సాధారణంగా డెస్క్‌టాప్, డాక్యుమెంట్స్, డౌన్‌లోడ్స్ మూడూ ఉండేది ఆ డ్రైవ్‌లోనే. వాటిని పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించాకే సరేననండి.

చివరగా, షాపులో పని చేయించుకునేవాళ్లకో మాట. మీ ఆధార్, బ్యాంకు పాస్‌బుక్ కాపీలు పని అయ్యాక కూడా అక్కడి డౌన్‌లోడ్స్‌లోనే ఉంటాయి. తర్వాత వచ్చినవాళ్లు ఫైలు కోసం కిటికీ తెరిస్తే మీ కాగితాలూ కనిపిస్తాయి. కాబట్టి ఫైలు మీ ఫోనుకో, పెన్‌డ్రైవ్‌కో చేరిందని తెరిచి చూసుకున్నాక, అక్కడున్నదాన్ని షిఫ్ట్, డిలీట్ కలిపి నొక్కి మీ కళ్లముందే తీసేయమనండి. అలా తీసేస్తే రీసైకిల్ బిన్‌లోనూ మిగలదు. అడగడానికి మొహమాటపడొద్దు. కంప్యూటర్ వాళ్లదే, కాగితం మాత్రం మీది!