దుమ్మే కదా అనుకుంటే...

మంగంపేటలో ముక్కు మూసుకుపోయిందంటే ఎవరూ కంగారు పడరు. ఓబులవారిపల్లె మండలంలోని ఈ ఊరు ముగ్గురాయికి ప్రపంచంలోనే పేరున్న చోటు. గనులు, పొడి కొట్టే మిల్లులు, లారీలు... ముక్కు దిబ్బడ వేస్తే 'దుమ్ములే' అని చుక్కల మందు కొనుక్కోవడం మామూలే. చాలాసార్లు అదే నిజం కూడా.

కానీ ఒకే పక్క ముక్కు నెలల తరబడి మూసుకుపోయి, రక్తం కారుతూ, ముఖం వాచి, జ్వరం వచ్చిపోతూ, మనిషి చిక్కిపోతుంటే? అరుదుగానైనా అది ఎన్‌కే/టి-సెల్ లింఫోమా కావచ్చు. సూక్ష్మజీవులతో పోరాడే తెల్లకణాలే అదుపు తప్పి క్యాన్సర్‌గా మారడమన్నమాట. ముక్కులో మొదలయ్యే ఈ రకానికి ఎప్‌స్టీన్-బార్ వైరస్‌తో దగ్గరి సంబంధం. చైనా, జపాన్, కొరియాల్లో ఎక్కువ, మన దగ్గర తక్కువ. ముగ్గురాయి దుమ్ము దీనికి కారణమని తేలలేదు. ఈ విషయంలో దుమ్ము చేసే చెరుపల్లా జబ్బును కప్పిపెట్టడమే. మెడలో గడ్డలొస్తే ముక్క పరీక్ష చేయించకుండానే టీబీ మందులు మింగడం మరో ఆలస్యం.

ఈ జాతి లింఫోమాలు కొందరిలో మెదడుకీ వెన్నుపాముకీ పాకుతాయి. పిల్లల్లో, యువకుల్లో ఎక్కువగా కనిపించే టి-లింఫోబ్లాస్టిక్ రకంలో ఆ ముప్పు పెద్దది. ముక్కులో పుట్టింది ఎముకను తినేసి నేరుగా పైకి ఎక్కనూవచ్చు. తగ్గని తలనొప్పి, వాంతులు, ఒకటి రెండుగా కనిపించడం, మూతి వంకర పోవడం, గడ్డం దగ్గర మొద్దుబారడం, కాళ్లలో సత్తువ తగ్గడం... చికిత్సలో ఉన్నవారికి వీటిలో ఏదొచ్చినా ఆ రోజే డాక్టరుకు చెప్పాలి.

చిక్కేమిటంటే, రక్తానికీ మెదడుకీ మధ్య ఒక కట్టడి ఉంది. శేషాచలం దారిలో ఎర్రచందనం చెక్‌పోస్టు లాంటిది. దొంగ కణాలు ఎలాగో దాటిపోతాయి, వాటిని తరుముతూ వెళ్లే మందులే చాలావరకు ఆగిపోతాయి! దాటించగలిగిన కొద్ది మందుల్లో మెథోట్రెక్సేట్ ముఖ్యమైనది. 1895లో భీమవరంలో పుట్టిన మన యల్లాప్రగడ సుబ్బారావు అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాలలో నడిపించిన పరిశోధనల నుంచే అది వచ్చింది. ఆయన 1948లోనే కన్నుమూశారు. కీళ్లవాతానికి వారానికోసారి వేసుకునే చిన్న మాత్ర కూడా ఇదే. మెదడు కోసమైతే నరంలోకి భారీ మోతాదులో ఎక్కిస్తారు, లేదా నేరుగా వెన్నులోని నీటిలోకి ఇస్తారు. టి-లింఫోబ్లాస్టిక్ రకంలో ముందుజాగ్రత్తగా మొదటినుంచే ఇస్తారు. మిగతా రకాల్లో అలా ముందే ఇవ్వడం ఎంత మేలన్నదానిపై వైద్యుల్లో ఏకాభిప్రాయం లేదు.

ఎమ్మారై తీశాక వెన్నునీరు పరీక్షకు పంపాలంటారు. తిరుపతి స్విమ్స్‌కో, వేలూరుకో, చెన్నై అడయారుకో వెళ్లిన కుటుంబాలు గుంజాటన పడేది ఇక్కడే. 'వెన్నులో సూది వేస్తే కాళ్లు పడిపోతాయట' అని వద్దనేసి ఇంటికి తెచ్చేసేవారున్నారు. నిజానికి పెద్దవాళ్లలో వెన్నుపాము నడుము పైభాగంలోనే ముగిసిపోతుంది. సూది దిగేది దానికి కింద, నీరు మాత్రమే నిండిన సంచిలో తేలాడే నరాల మధ్యకి. తర్వాత రెండు మూడు రోజులు తలనొప్పి ఉండొచ్చు. పడుకుంటే తగ్గి, లేస్తే వచ్చే నొప్పి అది. అయితే అప్పటికే తలలో ఒత్తిడి పెరిగి ఉంటే సూది ప్రమాదమే. ముందు స్కానింగ్ తీయించేది అందుకే.