గొంతు ఒకరిది, ఒళ్లు ఒకరిది

2010 వేసవిలో న్యూయార్క్‌లోని మ్యూజియం ఆఫ్ మోడర్న్ ఆర్ట్ హాల్లో ఒక మైకు, స్పీకర్లు పెట్టారు. పక్కన గోడ మీద నాలుగు ముక్కల సూచన. సారాంశం ఒక్కటే: గట్టిగా కేక పెట్టండి. యోకో ఓనో 1961లో రాసిన 'వాయిస్ పీస్ ఫర్ సొప్రానో' అది. సొప్రానో అంటే పాశ్చాత్య సంగీతంలో స్త్రీల గొంతుల్లో అన్నిటికంటే పై స్థాయిది. ఒపేరాలో చాలావరకు నాయిక గొంతు అదే. దానికి స్వరాలు రాయాల్సిన చోట ఓనో కేక రాశారు. 77 ఏళ్ల వయసులో ఆమే స్వయంగా ఆ మైకు ముందు నిలబడి అరిచిన వీడియో ఇంటర్నెట్‌లో తిరిగింది. ఇదేం సంగీతమని నవ్వుకున్నవాళ్లే ఎక్కువ.

ఆ నవ్వు వెనక పాత అలవాటు ఒకటి ఉంది. ఆడగొంతు తీయగా ఉండాలి. అంతకంటే ముఖ్యంగా, అది ఒక శరీరంలోంచి వస్తోందన్న సంగతి వినేవాడికి గుర్తు రాకూడదు. ఆయాసం, గుటక వినపడితే పాట చెడిపోయినట్టే. ఈ విద్యలో మన సినిమావాళ్లను మించినవాళ్లు లేరు. తెలుగు తెర మీద కథానాయికకు తరచుగా ఒళ్లు ఒకరిది, మాట ఒకరిది, పాట ఇంకొకరిది. విలన్ వెంటపడినప్పుడు పెట్టే కేక కూడా చాలాసార్లు డబ్బింగ్ థియేటర్‌లో కాగితం పట్టుకుని నిలబడిన మరో అమ్మాయిదే. ఆ అమ్మాయి ముఖం మనకు తెలీదు, తెలియాలని అనుకోం కూడా.

రికార్డింగ్ ఈ దేశానికి వచ్చిన కొత్తలో కథ ఇలా లేదు. 1902లో కలకత్తాలో గ్రామఫోన్ రికార్డుకు పాడిన గౌహర్ జాన్, పాట చివర తన పేరు ఇంగ్లిష్‌లో తానే ప్రకటించేవారు. కారణం చిన్నదే. రికార్డులు జర్మనీలో తయారయ్యేవి, ఏ పాట ఎవరిదో అక్కడివాళ్లకు తెలియాలి. అయినా ఇవాళ వింటుంటే పాట కంటే ఆ ప్రకటనే ఎక్కువ పట్టుకుంటుంది.

శబ్దాన్నే ముడిసరుకుగా తీసుకునే సౌండ్ ఆర్ట్‌లో స్త్రీలు చాలామంది పెట్టుకున్న పని, తెగిపోయిన ఈ గొంతునూ ఒంటినీ మళ్లీ కలపడం. అది ప్రమాదం లేని పనేమీ కాదు. 1967 ఫిబ్రవరి 9న న్యూయార్క్‌లో షార్లట్ మూర్మన్ అనే సెల్లో కళాకారిణి, నామ్ జూన్ పైక్ కూర్చిన 'ఒపేరా సెక్స్‌ట్రానిక్'ను పై దుస్తులు లేకుండా వాయిస్తుంటే పోలీసులు ప్రదర్శన మధ్యలోనే ఆపేశారు. ఇద్దరినీ అరెస్టు చేశారు. దోషిగా తేలింది మాత్రం ఆమే. అసభ్య ప్రదర్శన అన్న కోర్టు, శిక్ష అమలును నిలిపేసింది. ఆలోచన మగవాడిది, నేరం ఆమె ఒంటిది.

మూర్మన్ విషయంలో నాకు మరో ఇబ్బంది ఉంది. 1969లో పైక్ తయారుచేసిన రెండు బుల్లి టీవీలను రొమ్ములపై కట్టుకుని ఆమె సెల్లో వాయించారు. అక్కడ ఆమె వాద్యకారిణా, వాద్యమా? ఇష్టపడే చేశారు, పైక్‌తో దశాబ్దాల పాటు కలిసి పనిచేశారు. అయినా ఆ ఫొటో చూసిన ప్రతిసారీ ప్రశ్న మళ్లీ లేస్తుంది.

అదే కాలంలో ఈ చూపుల బెడదే లేని దారి వెతికినావిడ పాలీన్ ఒలివెరోస్ (1932-2016). అకార్డియన్ వాయించే టెక్సాస్ మనిషి. స్త్రీ స్వరకర్తలకు 'లేడీ' అన్న మాట తగిలించే అలవాటును 1970లో న్యూయార్క్ టైమ్స్ వ్యాసంలో కడిగేశారు. తర్వాత కాలిఫోర్నియాలోని శాన్‌డియాగోలో కొందరు స్త్రీలతో కలిసి సాధన చేస్తూ 'సోనిక్ మెడిటేషన్స్' రూపొందించారు. 1974లో అచ్చయిన ఆ పుస్తకంలో స్వరలిపి ఉండదు, మాటల్లో సూచనలే ఉంటాయి. ఒకదాంట్లో చేయాల్సింది ఇంతే: కూర్చుని ఊపిరిని గమనించడం, అది మెల్లగా దానంతటదే ధ్వనిగా మారనివ్వడం. శ్రుతి తప్పుతుందన్న భయం లేదు. ఎదురుగా చూసేవాళ్లు లేరు కనుక ఒంటిని దాచక్కర్లేదు, చూపక్కర్లేదు. మనకిది ప్రాణాయామంలా తోచవచ్చు, కానీ లెక్క చెప్పే గురువు ఇక్కడ ఉండడు. ఆదివారం పొద్దున మన అపార్ట్‌మెంట్లో ఓ ఇల్లాలు దీన్ని చేసి చూడాలి. ఊపిరి వరకూ ఎవరూ ఏమీ అనరు. ధ్వని మొదలయ్యాక పక్క ఫ్లాట్‌వాళ్లు బెల్ కొడతారు, ఒంట్లో బాగోలేదా అని.

ఆ బెల్లుకు భయపడని గొంతు మన దగ్గరా ఉంది. 2012 డిసెంబర్‌లో ఢిల్లీ బస్సులో జరిగిన సామూహిక అత్యాచారం తర్వాత, నటి మాయా కృష్ణారావు 'వాక్' అనే ప్రదర్శన తయారుచేశారు. అర్ధరాత్రి వీధిలో ఆడది నడవడం గురించే అదంతా. మాయారావు చిన్నప్పటి నుంచి కథకళి నేర్చినవారు. కథకళిలో వేషం కట్టినవాళ్లు పాడరు, మాట్లాడరు. వెనక నిలబడిన గాయకులు పాడితే వీళ్లు కళ్లతో, చేతులతో అభినయిస్తారు. 'వాక్'లో ఆవిడ వెనక రికార్డు చేసిన సంగీతం ఉంటుంది, మాటలు మాత్రం ఎవరికీ అప్పగించలేదు. అడుగులు వేస్తూ, ఊపిరి పీలుస్తూ, అన్నీ ఆవిడే చెప్తారు.