యంత్రం మౌనం వహిస్తే

ఎక్స్‌ఎమ్‌ఎల్ డేటాబేసును పాత్ క్వెరీతో ప్రశ్నించినప్పుడు నేను భయపడేది దోషసందేశానికి కాదు, శూన్యఫలితానికి. వ్యాకరణం తప్పితే యంత్రం కసురుతుంది, దిద్దుకుంటాం. పేరు తప్పితే మాత్రం మౌనం వహిస్తుంది. మౌనం అర్ధాంగీకారమన్న మాట ఇక్కడ చెల్లదు.

ఒక కావ్యాన్ని అందులో భద్రపరచారనుకుందాం. మూలకాలకు తెలుగు పేర్లే పెట్టుకోవచ్చు, ప్రమాణం అడ్డు చెప్పదు. //పద్యం అని అడిగితే ఒక్కటీ రాలేదు. పద్యాలేమో కళ్ళెదుటే ఉన్నాయి! తరచుగా కారణం మూలకం మొదట్లో ప్రకటించిన నేమ్‌స్పేసు. 1999 నాటి ఎక్స్‌పాత్ 1.0 ప్రకారం, ముందు ఏ గుర్తూ లేని పేరు ఏ నేమ్‌స్పేసుకూ చెందనిది. (నియమం తర్కబద్ధమే, కొత్తవారి పాలిటి ఉచ్చూ అదే.) 2007లో వచ్చిన 2.0 పద్ధతిలో //*:పద్యం అని అడిగి చూడండి. ఇప్పుడు పద్యాలు వస్తే దొంగ దొరికినట్టే. అప్పటికీ రాకపోతే /కావ్యం/ఆశ్వాసం/పద్యం/పదం వంటి దారిని చివరినుంచి ఒక్కొక్క మెట్టే తీసేస్తూ రావాలి. ఏ మెట్టు తీసేశాక ఫలితం కనబడిందో, చూడవలసింది ఆ మెట్టునే.

మన లిపితో మరో చిక్కుంది. //పదం[.='దైవము'] అన్న ప్రశ్న అక్షరాల రూపాన్ని చూడదు, వాటి సంకేతాలను పోలుస్తుంది. యూనికోడులో ఐత్వాన్ని ఒకే సంకేతంగానూ రాయవచ్చు, ఎత్వమూ దాని కింది గుర్తూ కలిపి రెండుగానూ రాయవచ్చు. కంటికి రెండూ ఒకటే. 2.0లోని యూనికోడ్ సమీకరణ ఫంక్షను ఈ తేడాను తీరుస్తుంది. 'ఉండెన్' వంటి పొల్లు మాటల చివర కొందరి కీబోర్డులు చేర్చే అదృశ్యాక్షరం, అదే జీరో విడ్త్ నాన్ జాయినర్, ఆ సమీకరణకూ లొంగదు. దాన్ని విడిగా తొలగించవలసిందే.

ఇదంతా చాదస్తమనిపించవచ్చు. కాని 'ఈ కవి ఈ మాట ఎక్కడా వాడలేదు' అని ఒక పరిశోధకుడు శూన్యఫలితాన్ని నమ్మి రాస్తే, ఆ తీర్పు కవి మీద పడుతుంది.

శూన్యమూ న్యాయమైన జవాబేనని కొందరంటారు. ఒప్పుకుంటాను, దాన్ని దోషమనమని నేనూ అడగను. అయితే చాలా డేటాబేసులు మూలకాల పేర్ల సూచికను ఎలాగూ ఉంచుకుంటాయి. 'ఆ పేరుగల మూలకం నావద్ద ఒక్కటీ లేదు' అని ఒక్క ముక్క చెప్పడానికి వాటికేమి బరువు?