పోయింది మతం కాదు, మతి

పిల్లలు వినే పాటల పేర్లు చూసి గుండె గుభేలుమన్న తల్లిదండ్రులు మన సభ్యులలో చాలామందే ఉంటారు. మేమూ ఆ కోవలోని వాళ్ళమే కనుక ఈ నెల మా ఇంటి ముచ్చటే చెప్పుకుంటాము.

1991 వసంతకాలం. మా అబ్బాయికి అప్పుడు పదిహేనేళ్ళు. ఒక సాయంత్రం వాడి బల్ల మీద కొత్త కేసెట్టు కనబడింది. దాని మీద ‘లూజింగ్ మై రిలిజియన్’ అని ఉంది. ఆదివారాలు పిల్లలను కూర్చోబెట్టి శ్లోకాలు వల్లె వేయించే వాళ్ళం, ఆ పేరు చదివి నిలువునా నీరైపోయాము. పాట వినలేదు, వాడిని అడగలేదు. నాలుగు కేకలు వేసి, కేసెట్టు తీసి బీరువాలో పడేసి తాళం వేశాము. “దానర్థం అది కాదు నాన్నా” అన్నాడు వాడు. మేము వింటేగా!

అర్థం నిజంగానే అది కాదు. ఆ పాట కట్టిన ఆర్.ఇ.ఎం. బృందం జార్జియా రాష్ట్రంలోని ఏథెన్స్ ఊరిది. 1980లో నలుగురు కుర్రాళ్ళు కలిసి పెట్టుకున్నారు. అమెరికా దక్షిణాది వాళ్ళ నుడికారంలో ఆ మాటకు ఓర్పు నశించింది, ఇక తట్టుకోలేను అని అర్థం. మన తెలుగులో చెప్పాలంటే పోయింది మతం కాదు, మతి. మనసులోని ప్రేమను పైకి చెప్పలేక, చెప్పకుండా ఉండలేక కొట్టుమిట్టాడే మనిషి పాట అది.

రికార్డు కంపెనీ వారికీ ఆ పాట మీద అనుమానమే ఉండేదట. మాటిమాటికీ తిరిగివచ్చే పల్లవి లేదు. గిటారు ఉండవలసిన చోట మాండలిన్ ఉంది. గిటారు వాయించే పీటర్ బక్ కొత్తగా మాండలిన్ కొనుక్కుని నేర్చుకుంటున్న రోజుల్లో తగిలిన వరుస అది. ఇటువంటిది రేడియోలో ఆడుతుందా అని వెనకాడుతూనే 1991 ఫిబ్రవరిలో విడుదల చేశారు. బిల్‌బోర్డు పట్టికలో నాలుగో స్థానం దాకా వెళ్ళింది. అమెరికాలో ఆ బృందం పాట మరేదీ అంత పైకి పోలేదు. మరుసటి సంవత్సరం రెండు గ్రామీ బహుమతులు కూడా వచ్చాయి.

ఇంకొక విశేషం. ఆ పాటకు వీడియో తీసినవాడు జలంధర్‌లో పుట్టిన తర్సేమ్ సింగ్. క్రైస్తవ పునీతుల పక్కనే మన దేవతల రూపాలను కూడా అందులో నిలబెట్టాడు. 1991 ఎం.టి.వి. బహుమతులలో ఆ ఏటి ఉత్తమ వీడియోగా ఎంపికైంది. మా ఇంట్లోంచి దేవుణ్ణి తీసుకుపోతుందని మేము భయపడ్డ పాటలో దేవుళ్ళు కొలువుతీరి ఉన్నారన్నమాట!

ఇవన్నీ మాకు చాలా ఆలస్యంగా తెలిశాయి. ఈలోగా జరగవలసిన నష్టం జరిగిపోయింది. ఆ సాయంత్రం తరవాత మావాడు తాను ఏం వింటున్నాడో మాకు చెప్పడం మానేశాడు. పాటలతో మొదలైన మౌనం క్రమంగా స్నేహితులకూ, చదువుకూ పాకింది. తలుపు వేసి ఉన్న గది ముందు నిలబడి, లోపలికి వెళ్ళడానికి వంక వెతుక్కోవలసిన స్థితి వచ్చింది.

మొన్న సెలవులకు పిల్లలతో వచ్చినప్పుడు వాడే కారులో ఆ పాట పెట్టాడు. మొదలవుతూనే, “మాండలిన్ కదూ?” అన్నాము.

“అవును నాన్నా. మీరు రోజూ పొద్దున్న మాండలిన్ శ్రీనివాస్ కేసెట్టు పెట్టుకునేవారు కదా. అందుకే మీకు వినిపిద్దామని తెచ్చాను.”

పాలకొల్లు కుర్రాడు మాండలిన్ మీద త్యాగరాజ కృతులు వాయిస్తుంటే మురిసిపోయిన మాకు, మా అబ్బాయి తెచ్చిన మాండలిన్ మాత్రం వినబడలేదు. ఆ రోజు మతి పోయింది పాటలోని మనిషికి కాదు, మాకు.

ఇంటికి వచ్చి బీరువా వెతికితే కేసెట్టు దొరికింది. వాయించే మిషనే లేదు. సభ్యులలో ఎవరి దగ్గరైనా పనిచేసేది ఉంటే కాస్త కబురు చేయగలరు.