మారుపేరు దోషమా?

“తప్పు చేయనివాడు తన పేరేల దాచవలెను?” అని పెద్దలు పలువురు ప్రశ్నించుచుందురు. ఇంటర్నెట్టునందు మారుపేరుతో ఖాతా తెరచిన వానిని చూచినతోడనే వారికి అనుమానము కలుగును. ఈ ప్రశ్న న్యాయముగనే తోచును గాని, కొంచెము విచారించినచో దానియందలి లోపము తెలియగలదు.

మన యిండ్లకు తలుపులు గలవు. లోపల దొంగసొత్తు ఉన్నందుననా రాత్రి గడియ వేసికొనుచున్నాము? జాబు వ్రాసి కవరులో నుంచి అంటించుట కుట్ర చేయుటకా? ఎవరికెంత తెలియవలెనో అంతయే తెలియనిచ్చుట వివేకము. 2017వ సంవత్సరము ఆగస్టు 24వ తేదీన మన సుప్రీంకోర్టు న్యాయమూర్తులు తొమ్మండుగురు, పుట్టస్వామి వ్యాజ్యమున, వ్యక్తిగత గోప్యత ప్రాథమిక హక్కేయని ఏకగ్రీవముగ తీర్పు చెప్పిరి.

మారుపేరు నేటి వింత కాదు. 1846లో ఇంగ్లండునందు బ్రాంటీ అక్కచెల్లెండ్రు మువ్వురు తమ పద్యములను కరర్, ఎల్లిస్, ఆక్టన్ బెల్ అను పేర్లతో ప్రకటించిరి. స్త్రీల రచనలను విమర్శకులు చిన్నచూపు చూతురని వారు శంకించిరి. ఆ పేర్ల వలన ఎవరికిని హాని కలుగలేదు. వారి రచనలకు మాత్రము రక్షణ లభించినది.

అందరును అసలు గుర్తింపునే చూపవలెనని నిర్బంధించిన దేశమొకటి గలదు. దక్షిణ కొరియాలో 2007లో, పెద్ద వెబ్‌సైట్లలో అభిప్రాయములు వ్రాయువారు ముందుగా తామెవరో రుజువు పరచవలెనని శాసనము వచ్చెను. దూషణలు తగ్గునని పాలకుల ఆశ. 2011లో ఆ దేశపు ఒక గొప్ప సంస్థ నుండి సుమారు 3 కోట్ల 50 లక్షల ఖాతాదారుల వివరములు దొంగలపాలయ్యెను. మరుసటి ఏడు ఆగస్టులో రాజ్యాంగ న్యాయస్థానము ఆ శాసనమును కొట్టివేసెను. ఒక్కచోట కుప్పవోసిన వివరములు దొంగలను పిలుచుననుటకు ఇంతకు మించిన నిదర్శనమేల?

అయినను, పేరు మార్చినంత మాత్రమున పని తీరినదని తలపరాదు. 2006లో అమెరికాయందు ఏఓయల్ అను సంస్థ, సుమారు ఆరున్నర లక్షల మంది వెదకిన మాటలను, పేర్లు తీసివేసి అంకెలు వేసి బయలుపరచెను. పత్రికా విలేఖరులు, కేవలము ఆ మాటల ఆధారముననే, ఒక అంకె వెనుకనున్న స్త్రీని కనుగొని ఆమె యింటికే పోగలిగిరి. ఊరిపేరొకటి, ఇంటిపేరొకటి, అలవాటొకటి—ఇవి కలిసి మనిషిని పట్టియిచ్చును.

కావున సోదర విద్యార్థులారా, ఆటల యందును, అపరిచితులతో చర్చల యందును, అనుమతి యున్నచోట, మారుపేరునే వాడుడు. ఆ పేరులో పుట్టిన సంవత్సరమును, ఊరిని చేర్చకుడు. యూనిఫారముతోనున్న ఫోటో నుంచకుడు. ఒకే మారుపేరును అన్నిచోట్ల వాడకుడు. బ్యాంకునందును పరీక్ష దరఖాస్తునందును మాత్రము అసలు పేరే వ్రాయవలెను. అచ్చట పేరు మార్చుట గోప్యత కాదు, మోసము.

మరియొక మాట. తలుపు చాటున నిలిచి బాటసారిపై రాయి విసరువానిని ఎవరును మెచ్చరు. మారుపేరు మనలను కాపాడుకొనుటకే గాని పరులను గాయపరచుటకు గాదు. అసలు పేరుతో ఎదుట అనలేని నిందను మారుపేరుతో వ్రాయుట పిరికితనము. పైగా, ఖాతా తెరచునప్పుడిచ్చిన ఫోను నెంబరు సంస్థ యొద్ద నుండును. నేరము జరిగినచో న్యాయస్థానము దానిని తెప్పింపగలదు.

తలిదండ్రులకు ఒక మనవి. 2023లో పార్లమెంటు చేసిన వ్యక్తిగత డేటా రక్షణ చట్టము, 18 ఏండ్లు నిండని వారి వివరములు సేకరించుటకు తలిదండ్రుల సమ్మతి కావలెనని చెప్పుచున్నది. పిల్లలకు కాపలాగా చట్టము మిమ్మునే నిలిపినది. అట్టి మీరే బిడ్డ పేరు, బడి పేరు, పుట్టినరోజు, ముఖము ఒక్క ఫోటోలో లోకమునకు చూపినచో, వాడు మారుపేరు పెట్టుకొనియు ప్రయోజనమేమి? ఒకసారి బయటపడిన వివరమును మరల లోపలికి తెచ్చుట ఎవరి తరము గాదు. గడియ వేయుట మాత్రము మన చేతిలోనే యున్నది.