ద్రోహి అనే ముందు ఒక్క మాట

మా హాస్టల్లో ఏ గొడవైనా రాత్రి పదకొండు దాటాకే మొదలవుతుంది. మొన్నటిది ఇయాన్ మోర్గాన్ మీద. ఎవడో ఫోన్లో 2019 ప్రపంచకప్ ఫైనల్ హైలైట్స్ పెట్టాడు. లార్డ్స్‌లో కప్పు ఎత్తుతున్న మోర్గాన్‌ని చూసి మా రూమ్మేట్, "వీడు ఐర్లాండోడు మామా. సొంత టీమ్‌కి హ్యాండిచ్చి ఇంగ్లండ్‌కి పోయాడు. ద్రోహి" అన్నాడు. నిజం చెప్పొద్దూ, ఫస్టియర్‌లో నేనూ అదే మాట అన్నాను. ఇప్పుడు అనలేను. ఎందుకో చెప్తాను.

ముందు మావాడి వైపు బలం ఒప్పుకోవాలి. మోర్గాన్ డబ్లిన్‌లో పుట్టాడు. 2006లో ఐర్లాండ్ తరఫున తొలి వన్డేలో స్కాట్లండ్ మీద 99 దగ్గర రనౌట్ అయ్యాడు. 2007 ప్రపంచకప్ ఐర్లాండ్‌కే ఆడాడు. 2009 ఏప్రిల్లో జరిగిన క్వాలిఫయర్ టోర్నీలోనూ ఆ జట్టులోనే ఉన్నాడు. ఐర్లాండ్ ఆ టోర్నీ గెలిచి 2011 ప్రపంచకప్‌కి వెళ్లింది. మోర్గాన్ మాత్రం మే 24కల్లా ఇంగ్లండ్ జెర్సీలో ఉన్నాడు. అంతటితో అయిపోలేదు. 2013 సెప్టెంబర్లో తను పెరిగిన ప్రాంతానికి దగ్గర్లోని మాలహైడ్‌లో ఇంగ్లండ్ కెప్టెన్‌గా దిగి, ఐర్లాండ్ మీద 124 కొట్టి నాటౌట్‌గా నిలిచాడు. ఆ రోజు ఐరిష్ అభిమాని కడుపు మండితే తప్పేముంది?

కానీ ఇంకో ప్రశ్న వేసుకుందాం. 2009లో టెస్టులు ఆడాలనుకున్న ఐరిష్ కుర్రాడు ఏం చెయ్యాలి? అప్పటికి ఐర్లాండ్‌కి టెస్టు హోదా లేదు. అది వచ్చింది 2017 జూన్‌లో. తొలి టెస్టు 2018 మేలో, అదే మాలహైడ్‌లో. ఆటగాడి వయసు ఐసీసీ మీటింగుల కోసం ఆగదు కదా! పాపం, ఇంత చేసీ మోర్గాన్‌కి దక్కినవి 16 టెస్టులే. 2012తో అవీ ఆగిపోయాయి.

ఇక రూల్స్ సంగతి చూడండి. చిన్న జట్టు నుంచి పెద్ద జట్టుకి పోవడానికి మోర్గాన్‌కి రెండు నెలలు కూడా పట్టలేదు. మరి వెనక్కి రావాలంటే? ఎడ్ జాయిస్‌ని అడగాలి. 2006లో బెల్‌ఫాస్ట్‌లో ఇంగ్లండ్ తరఫున అతని తొలి వన్డే ఐర్లాండ్ మీదే. అవతలి జట్టులో సొంత తమ్ముడు డొమినిక్! ఇంగ్లండ్ పిలుపులు ఆగిపోయాక జాయిస్ ఇంటికి రావాలనుకుంటే నాలుగేళ్లు ఆగాలన్నారు. ఐసీసీ ప్రత్యేకంగా ఒప్పుకుంటేనే 2011 ప్రపంచకప్ ఆడగలిగాడు. బెంగళూరులో కెవిన్ ఓబ్రియన్ 50 బంతుల్లో సెంచరీ కొట్టి ఇంగ్లండ్‌ని ఓడించిన రోజు జాయిస్ ఐర్లాండ్ జట్టులోనే ఉన్నాడు. పోవడానికి గేటు బార్లా తెరిచి, రావడానికి తాళం వేసింది ఆటగాడు కాదు.

అసలు చేదు ముక్క 2019లో ఉంది. అంతకుముందు ప్రపంచకప్‌లో 14 జట్లు ఆడాయి. దాన్ని పదికి కుదించారు. క్వాలిఫయర్‌లో ఓడిన ఐర్లాండ్‌కి చోటే లేకుండా పోయింది. అంటే ఐరిష్ కుర్రాడు కప్పు ఎత్తిన టోర్నీలో ఐర్లాండ్ లేదు. ఉండిపోయి ఉంటే ఆ ఫైనల్ మోర్గాన్ కూడా మనలాగే టీవీలో చూసేవాడు.

అలాగని ఐర్లాండ్‌కి నష్టమేమీ లేదంటే నేను ఒప్పుకోను. జాయిస్, మోర్గాన్, బాయ్డ్ రాంకిన్. పదేళ్లు కూడా తిరక్కుండా ముగ్గురు. ఒక చిన్న దేశం పెంచుకున్న పంటని పక్కింటివాళ్లు కోసుకుపోయినట్టే. నా వాదన ఒక్కటే: ఆ లెక్క తేల్చాల్సింది బోర్డులతో. పెద్ద బోర్డు ఒక ఆటగాణ్ణి తీసుకుంటే, ఆ చిన్న దేశంతో ఏటా కొన్ని మ్యాచ్‌లు ఆడి తీరాలని రూల్ పెట్టొచ్చు. వెళ్లినవాడు తిరిగి రావడం కూడా వెళ్లినంత సులువు చెయ్యొచ్చు. జాయిస్, రాంకిన్ ఇద్దరూ తిరిగొచ్చి 2018లో ఐర్లాండ్ తొలి టెస్టు ఆడారు. వెళ్లినంత మాత్రాన ఇంటిని మర్చిపోయినట్టు కాదని చెప్పడానికి ఆ ఇద్దరు చాలు.

ఆ రాత్రి ఇదంతా చెప్పాక మా రూమ్మేట్, "అయినా సరే, నేనైతే ఉండిపోయేవాణ్ణి" అన్నాడు. వాడి టేబుల్ మీద జీఆర్ఈ పుస్తకం తెరిచే ఉంది. నేనేమీ అనలేదు. నా టేబుల్ మీదా అదే పుస్తకం. రేపు మనం వెళ్తే మన గురించి కూడా ఎవరో ఒకరు అదే మాట అంటారు. ఉండమనే హక్కు వాళ్లకుంది. ఉండడానికి ఇక్కడ ఏముందని అడిగే హక్కు మనకూ ఉండాలి.

ఒప్పుకోనివాళ్లు వచ్చే సంచికకి జవాబు రాయండి. మా రూమ్మేట్ ఆల్రెడీ మొదలుపెట్టాడు.