పంట రక్షణలో రైఫిల్: వేగం కన్నా తొలి తూటాయే ముఖ్యం

మొక్కజొన్న గింజ పాలు పోసుకునే దశలోను, వేరుశనగ ఊడలు దిగి కాయ కట్టే దశలోను అడవి పందుల బెడద తీవ్రమవుతుంది. అవి తినే పంట కన్నా తొక్కి, పెకలించి పాడుచేసే పంటే ఎక్కువ. విసిగిన రైతు పొలం చుట్టూ విద్యుత్ తీగ పరచినపుడు పందులతోపాటు మనుషులు, పశువులు, ఇతర వన్యప్రాణులు కూడ బలవుతున్న సంగతి తెలిసినదే. ఈ పరిస్థితిలో అనుమతి పొందిన షూటర్లతో పందులను తొలగించాలన్న కోరిక రైతుల నుంచి వినిపించడం సహజం. దాని వెంటనే, ఒక్కొక్క తూటాకు బోల్ట్ లాగవలసిన పాత రైఫిళ్లకు బదులు సెమీ ఆటోమేటిక్ రైఫిళ్లు ఉంటే పని సులువవుతుందన్న వాదన కూడ తలెత్తుతున్నది. ఈ వాదనను విస్తరణ శాస్త్రవేత్తలు ఒక వ్యవసాయ పరికరాన్ని పరీక్షించినట్లే పరీక్షించవలసి ఉన్నది.

బోల్ట్ యాక్షన్ రైఫిల్‌లో కాల్చిన ప్రతిసారీ ఖాళీ తొడుగును బయటికి తీసి, కొత్త తూటాను చేతితో లోనికి నెట్టాలి. సెమీ ఆటోమేటిక్ రైఫిల్‌లో పేలుడు వాయువుల ఒత్తిడి లేక ఎదురుదెబ్బ శక్తి ఈ పని చేస్తుంది. ట్రిగ్గర్ నొక్కిన ప్రతిసారీ ఒక తూటా మాత్రమే వెలువడుతుంది. గురి చెదరకుండ రెండవ తూటా పేల్చగలగడం, భుజానికి తగిలే దెబ్బ కొంత తగ్గడం దీని లాభాలు. కదిలే భాగాలు ఎక్కువ కావడం, మసి, దుమ్ము పేరుకొన్నపుడు తూటా ఇరుక్కొనే అవకాశం ఉండడం దీని లోపాలు.

లక్ష్య సాధన క్రీడలో ఈ లాభానికి పెద్దగా చోటు లేదు. 2012 లండన్ ఒలింపిక్స్‌లో హైదరాబాదుకు చెందిన గగన్ నారంగ్ కాంస్యం గెలిచిన 10 మీటర్ల ఎయిర్ రైఫిల్ పోటీలో పది పాయింట్ల చుక్క వ్యాసం అర మిల్లీమీటరు మాత్రమే. అక్కడ ఒక్కొక్క గుండునే నింపి కాలుస్తారు. కొలిచేది నిలకడను, శ్వాస నియంత్రణను, ట్రిగ్గర్‌పై వేలి ఒత్తిడిని, వేగాన్ని కాదు.

పొలంలో కొలమానం మారుతుంది. 100 మీటర్ల దూరంలో తూటాలన్నీ 3 సెంటీమీటర్ల వృత్తంలో పడే రైఫిల్‌ను మంచిదిగా ఎంచుతారు. కాని పంది ఛాతీలో ప్రాణాధారమైన భాగం దాదాపు జానెడు ఉంటుంది; రాత్రివేళ కాల్చే దూరం సాధారణంగా అంతకన్నా తక్కువే. కాబట్టి 3 సెంటీమీటర్ల రైఫిల్‌కు, 5 సెంటీమీటర్ల రైఫిల్‌కు మధ్య తేడా పొలంలో దాదాపు అదృశ్యమవుతుంది. మిగిలేది వెలుతురు, పైరు ఎత్తు, జంతువు కదలిక, షూటర్ సంయమనం.

పందులు గుంపుగా వస్తాయని, బోల్ట్ రైఫిల్‌తో ఒకటి కూలేసరికి మిగిలినవి చెదరిపోతాయని, గాయపడిన జంతువును వెంటనే రెండవ తూటాతో ముగించవచ్చునని సెమీ ఆటోమేటిక్‌ను కోరేవారు చెప్పే మాటల్లో నిజం ఉన్నది. ఆస్ట్రేలియాలో హెలికాప్టర్ల నుంచి అడవి పందులను తొలగించే వృత్తి నిపుణులు ఇటువంటి రైఫిళ్లనే వాడుతారు. అయితే 1996 పోర్ట్ ఆర్థర్ కాల్పుల అనంతరం ఆ దేశం ఈ తరగతి రైఫిళ్లను సామాన్య పౌరులకు నిషేధించి, ప్రత్యేక వృత్తి అవసరాలకు పరిమితం చేసింది. 2019 క్రైస్ట్‌చర్చ్ దాడి తరువాత న్యూజిలాండ్ కూడ ఇదే బాట పట్టింది. జర్మనీలో వేటకు వాడే సెమీ ఆటోమేటిక్ రైఫిల్‌లో మొత్తం 3 తూటాలకు మించి ఉండరాదు. ప్రయోజనాన్ని అంగీకరించిన దేశాలు సైతం హద్దులు గీశాయన్నది ఇందులోని పాఠం.

మనదేశంలో వేట క్రీడ కాదు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం 11వ సెక్షన్ ప్రకారం, పంటకు ప్రమాదకరంగా మారిన అడవి పందిని చీఫ్ వైల్డ్‌లైఫ్ వార్డెన్ లేక ఆయన అధికారమిచ్చిన అధికారి కారణాలు రాసి, లిఖితపూర్వకంగా అనుమతిస్తేనే చంపవచ్చు. 2016 ఆయుధ నియమావళి సెమీ ఆటోమేటిక్ ఆయుధాలను ప్రధానంగా నియంత్రిత తరగతిలో చేర్చింది. లైసెన్సుదారుల చేతుల్లో సాధారణంగా కనిపించేది దేశీయంగా తయారైన .315 బోల్ట్ యాక్షన్ రైఫిల్.

చట్టం కన్నా బలమైన కారణం మన పొలాల తీరులోనే ఉన్నది. రైఫిల్ తూటా కిలోమీటర్ల దూరం పోగలదు. ఆస్ట్రేలియా మైదానాల్లో మనిషి జాడ ఉండదు. మన పల్లెల్లో పక్క కమతంలోనే మరొక రైతు మంచెపై కాపలా పడుకొని ఉంటాడు. తప్పిన తూటాను ఆపే మట్టి వెనుక లేనపుడు రెండవ తూటా, మూడవ తూటా వేగంగా పేల్చగల సౌకర్యం వరం కాదు, ప్రమాదం. మంచెపై నుంచి కిందికి కాల్చినపుడు తూటా నేలలో దిగుతుంది. ఆ ఒక్క జాగ్రత్త ఏ యంత్రాంగం కన్నా విలువైనది. గాయపడి పైరులోకి దూరిన పంది మరునాటి ఉదయం కోతకు వచ్చిన కూలీలపై పడవచ్చు. సీసపు తూటాతో చచ్చిన జంతువు కళేబరాన్ని పూడ్చకుండ వదిలితే దాన్ని తిన్న రాబందులకు విషమవుతుంది. ఆసిఫాబాద్ ప్రాంతంలో రాబందులు గూళ్లు కట్టిన చరిత్ర ఉన్న తెలంగాణ ఈ విషయాన్ని తేలికగా తీసుకోరాదు.

కనుక మూల్యాంకనం తుపాకీతో మొదలై తుపాకీతో ముగియరాదు. అనుమతి పొందిన ప్రతి తొలగింపులోను పేల్చిన తూటాలెన్ని, తొలి తూటాకే కూలినవెన్ని, గాయంతో తప్పించుకొన్నవెన్ని, కాల్చిన దిశలో అడ్డు ఏమున్నది, కళేబరాన్ని ఏమి చేశారు అన్న వివరాలు నమోదు కావాలి. అన్నిటికన్నా ముఖ్యంగా, ముందు వారం, తరువాతి వారం పంట నష్టం ఎంత అన్నది కొలవాలి. పంది ఒక ఈతలో పలు పిల్లలను కంటుంది. కొన్నిటిని తొలగించినంత మాత్రాన ఖాళీ ఎక్కువకాలం నిలవదు. గట్ల వెంట ఆముదం, కుసుమ వరుసలు, ముళ్ల కంచె, కందకం, సామూహిక కాపలా వంటి పద్ధతులతో పోల్చి ఎకరాకు ఖర్చు, మిగిలిన దిగుబడి లెక్కించినపుడే తుపాకీ స్థానం ఏమిటో తేలుతుంది.

ఆ లెక్కలు చేతికి రాక ముందే వేగవంతమైన ఆయుధం కోరడం, చీడను గుర్తించక ముందే మందు మోతాదు పెంచడం వంటిది. మన చిన్న కమతాలకు కావలసినది తొలి తూటాకే పని ముగించగల షూటర్, తగిన అడ్డు లేనపుడు ట్రిగ్గర్‌పై నుంచి వేలు తీసివేయగల నిగ్రహం. ఈ రెండింటికీ బోల్ట్ రైఫిల్ చాలును.